పద్నాలుగు

ఆరు మైళ్ళు ఇటు, ఆరు మైళ్ళు అటు.
ఎవరో ఒకాయన గొలుసు ఈడ్చుకుంటూ గడ్డిలో నడిచి
ముప్పై ఆరు గళ్ళు గీసి పోయాడు.
ఆడేవాళ్ళు పందెం వేయకుండానే లేచిపోయిన
అష్టాచెమ్మా పలకలా ఉంటుంది
ఉత్తర డకోటాలో మా టోర్వాల్ టౌన్‌షిప్.

నేనిక్కడ రోడ్డు గీకే మనిషిని.
వేసవిలో కంకర సర్దుతాను, చలికాలం మంచు తోస్తాను.
గ్రేడరు అద్దంలోంచి ఎంత దూరం చూసినా
భూమి బల్లపరుపే.
ఉత్తరపు హద్దులో మాత్రం రోడ్డు ఉన్నట్టుండి
నలభై గజాలు పక్కకి తూలుతుంది.
భూమి గుండ్రం కదా,
తిన్నటి గీతలు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయట;
ఆ తేడా ఇక్కడ సరిచేశారు.
కొత్తవాళ్ళు రాత్రిపూట
ఆ సరిచేసిన లెక్కలోంచి నేరుగా
సుండ్బీ వాళ్ళ పొద్దుతిరుగుడు చేలోకి దిగుతారు.

నీళ్ళు అర చదరపు మైలు, అదీ వానని బట్టి.
చెట్లు, ఎవరైనా నాటితే.
కొండ ఒకటి ఉందంటుంది ఆర్డిస్.
దాని మీద నిలబడి కూడా నేను ఒప్పుకోలేదు.

ఆర్డిస్ హాగ్‌స్టాడ్ మా గుమాస్తా.
ఆఫీసంటే ఆమె వంటింట్లో
పిండి డబ్బా పక్కనున్న బూట్ల పెట్టె.
ఆ ఏడు ఏప్రిల్ ఒకటిన జనాభా లెక్క.
బ్రొసార్ట్‌లు అయిదుగురు,
వాళ్ళ ఇంట్లో తల్లితో కలిపి ముగ్గురు,
సుండ్బీ దంపతులు,
వెట్జెల్ అన్నదమ్ములు
(మాటల్లేవు, అయినా ఇద్దరే),
నేను, ఎమిల్ వాల్డ్.
ఆమె వేళ్ళు చాలక నావి నాలుగు అరువడిగింది.
చదరపు మైలుకి పంచితే
మనిషి నడుము దాకా కూడా రాడు.

రెండో తేదీ తెల్లవారుజామున
తొంభై మైళ్ళవతల ఆసుపత్రిలో
బ్రొసార్ట్ వాళ్ళ చిన్నది కోరా పుట్టింది.
మూడున, పొయ్యి మీద కాఫీ ఇంకా మరుగుతుండగానే
ఇరవై తొమ్మిదో గడిలో ఎమిల్ పోయాడు.
ఆర్డిస్ కళ్ళద్దాలు పెట్టుకుని రూలు చదివింది.
ఒకటిన ఊపిరున్నవాళ్ళదే లెక్క.
ఇంక ఎమిల్ పదేళ్ళు బతుకుతాడు.
పాప పదేళ్ళదాకా పుట్టదు.
కూడికలో తప్పు లేదు, ఎటునుంచి చూసినా పద్నాలుగే.

మాకింకో రూలుంది.
మనిషున్న గుమ్మం దాకా మంచు తీయాలి,
లేనిచోట బ్లేడు ఎత్తేయాలి.
"ఎమిల్ దారి వదిలేద్దాం, డీజిల్ దండగ"
అన్నాడు మీటింగులో వెర్లిన్ సుండ్బీ.
ఆర్డిస్ బూట్ల పెట్టె తెరిచి కాగితం బల్ల మీద పెట్టింది.
పెద్ద వెట్జెల్ చేయెత్తాడు.
చిన్న వెట్జెల్ కాసేపు కిటికీ వైపు చూసి
తనూ ఎత్తాడు.

అందుకని ఆ దారి తీస్తూనే ఉన్నాను.
బడి బస్సు తిరగడానికి ఎమిల్ వాకిలే వీలు.
కోరాకిప్పుడు ఆరో ఏడు.
మొన్న అతని తపాలా డబ్బా దగ్గర నిలబడి
ఊలు చేతితొడుగుతో ముక్కు తుడుచుకుంటూ
"ఇక్కడ ఎవరుంటారు?" అంది.
ఎమిల్ అని చెప్పాను.
"ఇంట్లో ఉన్నాడా?"
పొగగొట్టం వైపు చూశాను.
"లేడు," అన్నాను, "లెక్కలో ఉన్నాడు."
దానికది సరిపోయినట్టే ఉంది.
బస్సొచ్చింది, ఒక్కదాన్నీ ఎక్కించుకుని పోయింది.

బ్లేడు దించి వెనక్కి తిప్పేసరికి
నేను తీసినంత దారీ
గాలి అప్పుడే సగం పూడ్చేసింది.