స్కేలు పెట్టి గీసిన గీత

"రూపాంతర శిల, అవక్షేప శిల: తేడాలు రాయుము"
అని సదివి, కాయితం మధ్యన
స్కేలు పెట్టి గీత గీసీసినావు.
ఇటేపేటి రాస్తావు నీలవేణీ, అటేపేటి రాస్తావు?
పెన్ను నోట్లోంచి తియ్యి. సెప్తాను ఇను.

నువ్వు కూకున్న ఆ నల్లబండ ఉన్నాదే,
అది మనూరిది కాదు. కడప నుంచి లారీ మీదొచ్చింది.
మేస్త్రీ ఇంటి గచ్చుకెయ్యగా మిగిల్తే
కూలి డబ్బుల్లో పట్టుకుని నాకిచ్చినాడు.
దానికి బలం అక్కర్లేదు, ఓపికుంటే సాలు.
అంచున ఉలి పెట్టి మెల్లగా తట్టుకుంటా ఎల్తే
పేజీ తిప్పినట్టు పొర లేచొస్తాది.
కిందది ముందు పడ్డాది, పైది ఎనక.
ఏ యేటి బురద ఆ యేటిదే, దాపరికం లేదు.
ఓపాలి అలగే విప్పితే లోపల అలల గీతలు.
నీళ్ళు ఇప్పుడే ఎనక్కెల్లినట్టు,
ఏలెట్టి సూసుకున్నాను, తడి తగుల్తాదేమోనని.

మన కొండ రాయి అలగ కాదు.
చీపురుపల్లి పక్కన క్వారీలో పదారేళ్ళు కొట్టినాను,
నానడిగిన కాడ ఒక్కనాడూ పగల్లేదు.
సారలుంటాయి, గాని అన్నీ ఒంకర్లు.
పిండి పిసికి, మడతెట్టి,
ఎవులో పిలిస్తే ఒగ్గేసి ఎల్లిపోయినట్టు.
మధ్య మధ్యన కందిగింజలంత ఎర్ర పలుకులు.
ఉలి వాటి మీద పడితే సెయ్యి జివ్వుమంటాది.
కడప బండని కొడితే డొప్పుమంటాది,
ఇది ఖణేల్మంటాది. సీకట్లో కూడా తేడా సెప్తాను.

ఇవి రాసుకున్నావా? ఆగు, ఇంకా ఉన్నాది.

నువ్వు పుట్టకముందు సర్వే సారొకడొచ్చినాడు.
ఆడి నీళ్ళ సీసా నానే మోసినాను.
మెళ్ళో ఏలాడే బుల్లి అద్దం కంటికానించి
మన రాయిని అరగంట సూసి, అన్నాడు:
"ఇది ఒకప్పుడు సముద్రం అడుగు బురదమ్మా.
బూమిలోపలికెల్లి, ఉడికి, నలిగి, ఇలగయింది."
నానూ పైడమ్మప్పా పడీ పడీ నవ్వినాం.
బురదకైతే మా ఉలెందుకు అరిగిపోతాదన్నాం.
ఆ రాత్రి నవ్వు రాలేదు.
అయితే రెండూ ఒకలాగే బయల్దేరినాయన్నమాట.
ఒకదాన్ని ఒగ్గేసినారు, ఒకదాన్ని ఒగ్గలేదు.

నన్ను రాయితో పోల్చి వ్యాసం రాయకు.
రాయికి కూలి లేదు, ఆకలి లేదు.

గాని ఒకటి అడుగుతాను.
మన సన్నికల్లుకి ఏడాదికోపాలి కక్కు కొడతాం గదా,
అరిగిపోయినదంతా ఏటయింది?
పచ్చట్లో కలిసిపోయింది. మనమే తిన్నాం.
మనూరోళ్ళందరి కడుపులోనా కొండ కొంచెం ఉంటాది.

నా మట్టుకి ఇంకొంచెం ఎక్కువ.
ఇజీనారం పెద్దాసుపత్రిలో తీసిన ఫోటో
ఆ ఇనప్పెట్టెలో మీ అయ్య పంచె కింద ఉన్నాది.
దీపానికి ఎదర పెట్టి సూడు.
డాట్రమ్మ పెన్ను సివర్తో సూపించింది,
"పదారేళ్ళ దుమ్మమ్మా, ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది."
పేరుకోడం. అదే గదా నీ రెండో మాటకి అర్థం?
కొండలోంచి రాలిన పొడి నాలో పడి
మళ్ళీ బురదలాగ అణిగి కూకున్నాది.
దీన్ని ఇటేపు రాస్తావా, అటేపు రాస్తావా?

ఒద్దులే. మేడం మార్కులు తీసెస్తాది.
ఇటేపు పొరలు, అటేపు స్ఫటికాలు అని రాసీ.
ఇటేపు శిలాజాలుంటాయి, అటేపు ఉండవు అని రాసీ.
అన్నీ నిజమే. గీత మాత్రం పెన్సిల్తో గియ్యి.

అయిందా? లెగు.
సన్నికల్లు కడిగి తే, మిరపకాయలు ఏగిపోనాయి.
నిన్ననే కక్కు కొట్టినాను,
మొదటి నూరుడు తినకూడదు,
పారబొయ్యాల.