బయటి గింజ

కోతపండుగ నాడు ఫలాల మీద
నలభై నిమిషాలు ప్రసంగించాను.
బల్ల మీద పనసకాయలు, కొబ్బరిగెలలు,
కాళ్ళు కట్టేసిన ఒక పుంజు. మధ్యలో కూసింది కూడా.
మూడో వరసలో సలోమి చోటు ఖాళీ.

సాయంత్రం కాశీబుగ్గ కాంప్లెక్సులో కనబడింది,
డయాలసిస్ అయిన నీలాచలాన్ని
రెక్క పట్టి నడిపిస్తూ.
"ఆడి పెళ్ళాం మంచం మీదుండగా
నాను సూస్తాన్లే అనీసినాను బాబూ.
అనీసాక ఎల్లాల గదా."
రెండేళ్ళ కిందటి మాట అది.
వారానికి మూడుసార్లు.

జీడిపిక్కలు కొట్టి కొట్టి
సొన తినేసిన వేళ్ళు.
వాటితోనే అతని చొక్కా గుండీ పెడుతోంది.
తూకం దగ్గర గుమస్తా ఎక్కువ రాసిన కిలోని
"నాది కాదు" అని కొట్టేయించింది కూడా ఈవిడే.

"కానుక తేలేకపోనాను" అంది, తప్పు చేసినట్టు.

ఉద్దానం తోటల్లో పుట్టినవాణ్ణి,
ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాను:
జీడిపండు తన గింజని
కడుపులో దాచుకోదు.
బయటే, గాలికీ వానకీ వేలాడదీస్తుంది.

వచ్చే ఆదివారానికి రాసుకున్న కాగితం
మడిచి జేబులో పెట్టి
ఆమె చేతిలో మందుల సంచీ అందుకున్నాను.
మందస బస్సుకి ఇంకా గంట.