గేటు పడినప్పుడు

ఈ పొద్దు ఇంజిన్ ఆపేసి స్టీరింగు మాత్రం పట్టుకున్నా.
బంతిపూలు చుట్టిన మోకులు పట్టుకొని
సీఐలు, ఎస్సైలు ముందర లాగుతాంటే
జీపు మెల్లగా కర్నూలు ఆఫీసు ఆవరణ దాటింది.
వెనక సీట్లో సుంకన్న సారు.
మెడలో దండ, ఒళ్లో టోపీ.

పొద్దన్నుంచీ మైకులో చెప్పినవన్నీ నిజాలే.
ఆలూరులో ఎస్సైగా చేరింది,
మెడలు రెండుసార్లు వచ్చింది,
ఆదోనిలో రాళ్లు పడతాంటే
చేతిలో లాఠీ లేకుండా బజారు నడిమిట్ల నడిచిపోయింది,
అదీ నిజమే, వెనక నేనుండా.

ఎవరూ చెప్పనిది డోన్ రైల్వే గేటు.

ఆ రాత్రి గూడ్సు బండి. యాభై ఎనిమిది డబ్బాలు.
నేనూ లెక్కబెట్టినా, ఆయనా లెక్కబెట్టినాడు.
ఊరు చేరేసరికి కొర్రచేని గట్టున
ఈరన్న చెప్పులు రెండూ పక్కపక్కనే ఉండాయి,
ఇంట్లోకి పోతా విడిచినట్టు.
ఆయమ్మ ఏడ్వలేదు.
"ఫోను జేసి శానాసేపాయ గదా సారూ" అనింది.
అంతే.

ఆ తర్వాత పదహారేండ్లు
ఏ గేటు పడినా జీపు దిగేవాడు.
బండి రాకముందే కడ్డీ కింద దూరి
కంకర తొక్కుకుంటా అవతలికి పోయి నిలబడేవాడు,
నేను వచ్చేదాకా.
తప్పు గదా సారూ అంటే
"నాకు తెల్దా మాబూ" అనేవాడు.

మోకులు విప్పినాక ఇంజిన్ వేసినా.
ఇంటి దారిలో గేటు పడింది.
అద్దంలో చూస్తి.
సారు దిగలేదు.
పెదాలు కదులుతున్నాయి, డబ్బా డబ్బాకీ.

యాభై ఎనిమిది దాటినా
ఆపలేదు.