వేడి మీద కొలత

పాలకొల్లులో లాకులు దాటాక
ఐసు ఫ్యాక్టరీ వెనక మా లేతు షెడ్డు.
రోహిణి కార్తెలో ఆ రేకుల కింద
పొద్దున్న పదికే స్పానర్లు పట్టుకోలేం.

కాలువ కట్టేసి పద్దెనిమిది రోజులు.
కూలెంటు కలపడానికి తియ్యనీళ్లు లేవు.
బోరు కొడితే ఉప్పు:
సముద్రం నేల కింద నడిచి
మా షెడ్డు దాకా వచ్చేసింది.
ఆ నీళ్లలో నూనె పోస్తే
పాలు విరిగినట్టు విరిగింది,
పైన పచ్చటి తెట్టు, అడుగున తేట.
ఆ తేటతోనే కోత మొదలెట్టాను.
చిప్సు నేరేడు రంగులో చుట్టలు చుట్టుకుంటూ రాలాయి.
అది మంచి రంగు కాదని తెలుసు.

గుమ్మంలో ఆచంట నుంచి వచ్చిన కొప్పాడి సత్తిపండు,
బండి దిగలేదు, ఇంజను ఆపలేదు.
"ఏరియేటరు ఆగిపోయింది అబ్బాయ్,
తెల్లారేసరికి రొయ్య పైకి తేలిపోద్ది."

బేరింగు కూర్చునే చోట మైక్రోమీటరు బిగించాను.
నలభై మిల్లీమీటర్లు, పైన ఒక్క నూరోవంతు.
కావలసింది సరిగ్గా అదే.
ఇచ్చేశాను.
గోనెగుడ్డలో చుట్టినా
అతని అరచెయ్యి చురుక్కుమంది.

షాఫ్టు అబద్ధమాడలేదు.
నేనడిగిన వేళకి ఉన్నదే చెప్పింది.
చెరువు గట్టున, రాత్రి గాలికి
రెండు నూరోవంతులు తగ్గింది,
తలవెంట్రుకలో పావు వంతు.
నాలుగోనాడు బేరింగు
చిక్కిపోయిన వేలికి ఉంగరంలా
దాని మీద వదులుగా తిరిగింది.

తిరిగొచ్చిన షాఫ్టుని ఏసుపాదం మేస్త్రి
వెలుతురుకి పెట్టి చూశాడు. తిట్టలేదు.
మేం తాగడానికి కొన్న మంచినీళ్ల టిన్నులు రెండూ
ట్యాంకులో గుమ్మరించాడు.
"నీళ్లలో నూనె పొయ్యాలిరా,
నూనెలో నీళ్లు కాదు.
సన్నగా, తిప్పుతూ."
తెల్లగా, చిక్కగా కలిసింది.
ఆ పూట మేం బోరు నీళ్లే తాగాం.

గరుకు కోత అయ్యాక లేతు ఆపేశాడు.
"చెంపకి ఆనించి చూడు.
చెంప కంటే వెచ్చగా ఉంటే
అది ఇంకా నీకు చెప్పడానికి సిద్ధంగా లేదు."
మైక్రోమీటరు కూడా గుడ్డతో పట్టించాడు,
మన చేతి వేడి దానికీ ఎక్కుతుందని.

సత్తిపండు మళ్లీ గుమ్మంలోనే.
ఈసారీ బండి ఆన్‌లోనే ఉంది.
అతను గడియారం వైపు,
నేను షాఫ్టు వైపు.
ముప్పావు గంటకి విసుగొచ్చి తాళం తిప్పాడు.
అప్పుడు వినపడింది,
ట్రేలోకి కూలెంటు చుక్క చుక్కగా కారడం.

ఆఖరి కోత చాలా పల్చగా తీశాను.
ధార ఒక్క క్షణం తెగనివ్వలేదు.
మళ్లీ ఆగాం.
మళ్లీ చెంప.
నలభై పైన ఒక్కటి.

షాఫ్టు చల్లగా ఉంది, చేపలా.
దాన్ని ఒళ్లో పెట్టుకుని వెళ్లాడు.
ఆ నాలుగు రోజుల్లో
ఎన్ని రొయ్యలు పోయాయో నేనడగలేదు,
అతను చెప్పలేదు.