ఒకటిన్నర డిగ్రీ

మరీన్యా గ్రాండ్‌లో పొద్దున్న ఏడింటికి
సముద్రం వైపు నుంచి పైన్ చెట్ల వాసన.
డియోలిండా కాఫీ కప్పును కీబోర్డుకు దూరంగా జరిపి
ఇంకా పుట్టని వస్తువును తెర మీద తిప్పుతోంది.

రాత్రిపూట కట్టుడుపళ్ళు దాచుకునే డబ్బా.
దాని చుట్టూ ఉక్కునంతా గీస్తే
మధ్యలో మిగిలిన మిల్లీమీటరున్నర ఖాళీయే డబ్బా.
లిస్బన్ కంపెనీది ఒకటే పట్టు:
గోడలు నిట్టనిలువుగా ఉండాలి, అందానికి.

చల్లారితే ప్లాస్టిక్ ముడుచుకుంటుంది గనక
నూరును నూటొకటిన్నర చేసింది.
పోత ఎక్కడ దిగాలో, నీళ్ళు ఏ దారిన తిరగాలో,
ఏ గీత దగ్గర రెండు సగాలూ విడిపోవాలో,
అన్నీ కుదిరాయి. తెరంతా పచ్చన,
నాలుగు గోడలు తప్ప.
అవి పసుపు.
పసుపేగా, అనుకుంది.

వెనక ఫిర్మీనో.
నలభై రెండేళ్ళుగా అచ్చులకు మెరుగుపెట్టే మనిషి.
కళ్ళజోడు నుదుటికి తోసి తెరను వేలితో తడిమాడు
(జిడ్డు మరక పడింది).
"ఇది పట్టుకుంటుంది. వదలదు."
తెరను తడిమితే ఏం తెలుస్తుందని
ఆమెకు నవ్వొచ్చింది.

పదకొండు వారాలకు మొదటి పోత.
యంత్రం తెరుచుకుంది, పిన్నులు నెట్టాయి,
డబ్బా కదల్లేదు.
అడుగును పొడుచుకుని పిన్నులే బయటికొచ్చాయి,
చుట్టూ తెల్లగా నలిగిన ప్లాస్టిక్.
వాల్టెర్ అనే కుర్రాడు ఇత్తడి కడ్డీ తెచ్చి
ఉక్కుకు గీత పడకుండా గీకుతుంటే
ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

ఫిర్మీనో "చెప్పానా" అనలేదు.
గాజు ఊదిన తాత సంగతెత్తాడు:
"బేరి చెక్క మూసను రాత్రంతా నానబెట్టేవాడు.
మంటలాంటి గాజు తగిలితే పొరంత ఆవిరి లేచేది.
ఆ ఆవిరి మీదే రెండూ విడిపోయేవి.
నీ ఉక్కుకు ఆవిరెక్కడిది?
వాలు ఇయ్యి, పిల్లా.
కోర్ మీద కాస్త ఉక్కు తీసెయ్,
తీయడం సులువు, అతికించడమే చావు."

లిస్బన్‌తో ఫోన్లో గంటన్నర.
"కంటికి కనబడదండీ" అంది చివరికి,
"అచ్చుకు మాత్రమే తెలుస్తుంది."
పట్టూ విడుపూ అంటాం కదా,
ఆ విడుపు కొలత ఆవేళ తేలింది:
గోడకు ఒకటిన్నర డిగ్రీ.

టక్.
రాలింది. మళ్ళీ టక్.
గంటకు నూటఇరవై, అన్నీ అచ్చుగుద్దినట్టు,
ఒక్కోదాని అడుగున నాలుగు గుండ్రటి మచ్చలు,
పిన్నులు తోసిన చోట.

వాటి మీద బొటనవేలు ఆనించి చూసి
ఫిర్మీనో తన పైపళ్ళు తీసి అందులో పెట్టాడు.
మూత వేశాడు, తీశాడు, తలకిందులు చేశాడు.
అరచేతిలో పళ్ళు.
"వదులుతోంది" అన్నాడు బోసినోటితో.