రెండో తాళంచెవి

కాగితం మీద మూడు గళ్ళు:
తక్కువ, మధ్యస్తం, ఎక్కువ.
సుర్ఖోబ్ ఏటి ఒడ్డున ఉన్న ఈ రెండంతస్తుల ఆసుపత్రి
వీటిలో ఏదో ఒక గడిలో ఇమడాలి,
సాయంత్రం మా జీపు దుషాన్బేకి తిరిగెళ్ళేలోగా.

ఇంజనీరు సవ్సన్
గోడను వేలి కణుపుతో తట్టి చెవి ఆనిస్తుంది,
పుచ్చకాయ బేరమాడే మనిషిలా.
పుచ్చకాయైతే ముక్క కోసి చూపించమనొచ్చు.
దూలం స్తంభాన్ని కలిసే చోట వెంట్రుకవాసి బీట.
"సోవియట్ల కాలం కట్టడం. ఇసుకే ఎక్కువ" అంది.
"కరువైన సిమెంటు బజారులో ఏదో కొట్టయి ఉంటుంది లెండి"
అన్నాడు పెద్ద డాక్టరు, నవ్వకుండానే.

నేను గళ్ళు నింపేవాణ్ణి.
ఆక్సిజన్ సిలిండర్లు గోడకు కట్టి ఉన్నాయా?
ఉన్నాయి, గాడిద పలుపుతో.
ముడి పట్టి లాగి చూశాను. గట్టి ముడి.
ముడి సంగతి కాగితం అడగలేదు.

ట్యాంకులో నీళ్ళు ఎన్నాళ్ళకు సరిపోతాయి?
"ఎవరికి?" అంది నర్సు నోజిగుల్,
"మంచం మీద ఉన్నవాళ్ళకా, మోసుకొచ్చేవాళ్ళకా?"
కలం ఆగింది.
భూమి కదిలిన రోజు మంచాలు ముప్పై అని ఎవరు లెక్కపెడతారు?
నడవా మంచమే, మెట్టు మంచమే,
వాకిట్లో ఆప్రికాట్ చెట్టు కింద మంచు కూడా
మంచమే.

జనరేటరు గదికి తాళం.
తాళంచెవి కుర్బొనాలి దగ్గర.
కుర్బొనాలి ఇల్లు ఏటి అవతల.
వంతెన? పోయిన వసంతంలో బురదవరద పట్టుకుపోయింది,
ఇప్పుడున్నది రెండు ఇనపతాళ్ళు, కొన్ని పలకలు.
"రాత్రిపూట అవసరమైతే?"
పెద్ద డాక్టరు నీళ్ళు నమిలాడు.
"వస్తాడు. ఎప్పుడూ వస్తూనే ఉన్నాడు కదా."
ఇది ఏ గడిలో రాయను?

రెండున్నరకి కరెంటు పోయింది.
మేం తీసింది కాదు, చలికాలపు కోత,
చెప్పాపెట్టకుండా.
చివరి గదిలో ముసలాయన ఊపిరి యంత్రం
ఒక కీచుమాట అని మానేసింది.
నోజిగుల్ రబ్బరు సంచి తగిలించి పిండడం మొదలెట్టింది.
చెయ్యి పీక్కుపోతే ముసలాయన కోడలు అందుకుంది,
ఆ తర్వాత నేల తుడిచే ఆమె,
తడి చేతులు గౌనుకే తుడుచుకుని.
ఆ తర్వాత సంచి నా చేతికొచ్చింది.
కలం ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

పిండు, వదులు.
ఛాతీ లేస్తే మనిషి ఉన్నట్టు.
పిండు, వదులు.
ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి,
నా పని ఎలా ఉందో పరీక్షిస్తున్నట్టు.

పంతొమ్మిది నిమిషాలు.
కింద ఏదో మూడుసార్లు దగ్గి అందుకుంది,
బల్బు వణికి నిలబడింది.

కుర్బొనాలి గుమ్మంలోకి వచ్చాడు,
మెడలో తాయెత్తు పక్కన తాళంచెవి,
మోకాళ్ళ దాకా మంచు.
"ఖైత్ అని ఒక ఊరుండేది, విన్నావా?
నలభై తొమ్మిదిలో కొండొచ్చి దానిమీద పడుకుంది.
ఆ వారం మా అమ్మ ఇటు చుట్టాలింటికి వచ్చింది గనక
నేను పుట్టాను.
అందుకే నాకు నిద్ర తక్కువ" అన్నాడు.
ఈ నిద్రలేమికి నూటికి ఎన్ని మార్కులు?

రాశాను: తక్కువ.
ఆయన చూస్తుండగానే రాశాను.
తల ఊపాడు, తనకెప్పుడో తెలిసిన సంగతే అన్నట్టు.

గోడలు బలపరచడానికయ్యే ఖర్చు సవ్సన్ లెక్క కట్టింది.
అన్ని సున్నాలు చూసి పెద్ద డాక్టరు
కాగితాన్ని మెల్లగా మడిచాడు,
ఎవరిదో పెళ్ళి శుభలేఖ మడిచినట్టు.

వెళ్తూ వెళ్తూ బజారులో ఆపాం.
తాళాల కొట్టువాడు ఆకురాయి తిప్పాడు,
ఇత్తడి పొడి వాడి మేజోళ్ళ మీద రాలింది.
పది సొమొనీలు.
"ఒకటి చాలా?" అన్నాడు.
ఏం చెప్పాలో తెలీక సవ్సన్ వైపు చూశాను.
ఆమె వాడి కొట్టు గోడను
వేలి కణుపుతో తట్టి వింటోంది.