బోలు చప్పుడు

పూతలపట్టు దారిలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
బయట నలభై మూడు. లోపలి గదిలో
సున్నాకి పద్దెనిమిది కింద.
రెంటికీ మధ్య ఒక ఇనప తలుపు,
దాని గొళ్లెం దగ్గర చెంగల్రాయుడన్న.

గంటకోసారి అంకె రాయడం నా పని.
గోడకు పేరుకున్న తెల్లపొరను
రేకుతో గీకడం ఆయన పని.
చేరిన వారంలోనే అడిగినా:
"అన్నా, మిలిట్రీలో నువ్వు చూసిన మంచు ఇట్లే ఉంటాదా?"
గీకుడు ఆపి నవ్వినాడు.
"ఇది మంచు కాదు పాపా. మిషను చెమట."

ఆ ఎండాకాలమంతా
టీ తాగేంత సేపట్లో
తూరికొక మంచు చెప్పినాడు.

గుల్‌మార్గ్ వాలు మీద
జారేదానికి వచ్చినోళ్లు ఇంకా దుప్పట్లలో ఉండగానే
పార భుజానేసుకొని పైకి పోతా ఉన్నాడంట.
అక్కడి మాటలకు నోరు తిరగలేదు,
వాళ్లమ్మ వంటింటి మాటలే పెట్టుకున్నాడు.
రాత్రి కొత్తగా పడింది, జల్లించిన రాగిపిండి.
(రంగు అడగొద్దు, తీరు చూడు.)
ఊదితే లేస్తాది, జారితే సద్దుండదు.
గాలి కొట్టింది, చల్లారిన సంగటి,
పైన తోలు కట్టి లోపల ఏముండాదో చెప్పదు.
పగలు కరిగి రాత్రి బిగిసింది
తెల్లారి గాజు పెంకు,
పదకొండుకి ఉప్పురవ్వ,
మధ్యాన్నానికి మోకాళ్లను పట్టుకొనే బురద.
"మంచు ఎట్లుంది అని అడగరాదు పాపా.
ఇప్పుడెట్లుంది అని అడగల్ల."

జారేవాడు పైది చూస్తాడు.
ఈయన నిలువునా గుంత తవ్వి
కోత గోడను వేలితో తడుముతాడు.
కార్తీకంలో పడింది
పిలుపు అందని చుట్టం మాదిరి
మాఘం దాకా అడుగునే అలిగి కూర్చోనుంటాదంట.
పంచదార పలుకులు, ఒకదాన్నొకటి పట్టుకోవు.
దానిమీద ఎంత గట్టి పలక పేరుకున్నా
కాలు మోపితే
లోపలెక్కడో బుస్సుమని ఒక బోలు చప్పుడు.
"అది వినిపిస్తే వెనక్కి తిరగల్ల.
వినిపించకపోతే?
దాన్ని గురించి ఎవరూ నేర్పలేదు."

దిగి వచ్చి బోర్డు మీద రాసేది:
ఎంత పడింది, గాలి ఏ పక్క, ఏ వాలు తెరవచ్చు.
ఒక పొద్దు 'బాగుంది' అని రాసినాడు.
"నేను తవ్వినకాడ బాగానే ఉండె.
ఇరవై అడుగుల అవతల లేదు."
అంతే చెప్పినాడు.
లేచిపోయి, అప్పుడే గీకిన గోడను
మళ్లీ గీకడం మొదలుపెట్టినాడు.

జూన్ ఆఖర్లో ఒక రాత్రి
కరెంటు పోయింది, జనరేటరు మొండికేసింది.
బయట చెన్నై హార్బరుకు పోయే లారీ.
అట్టపెట్టెలు పన్నెండు వరసల ఎత్తు,
తలుపు తీసి తీసి అడుగు వరసకు నెమ్ము.
హమాలీలు లోపలికి అడుగెయ్యబోతే
చెంగల్రాయుడన్న చెయ్యి అడ్డం పెట్టినాడు.
ఒంగి, కింది పెట్టెను పిడికిలితో తట్టినాడు.
మళ్లీ తట్టినాడు.
పనసకాయ కొనేవాడి మాదిరి తల వాల్చి విన్నాడు.
"ఎవరూ పోవద్దు."

మేనేజరు బాలగురవయ్య అరిచినాడు,
లారీ బాడుగ ఎవరిస్తారన్నాడు,
వాళ్లూ వీళ్లకూ ఫోన్లు చేసినాడు.
గొళ్లెం మాత్రం పడింది.
దాని ముందర స్టూలు వేసుకొని
తెల్లారేదాకా కూర్చున్నాడు ఈయన.

తెల్లారి చూస్తే
పన్నెండు వరసలూ నిటారుగా నిలబడుండాయి.
"పడలేదే!" అన్నాడు మేనేజరు.
"మంచిదే కదా సార్," అన్నాడు చెంగల్రాయుడన్న.
ఆ నెల జీతంలో కోత పడింది.

నా రిజిస్టరులో ఆ రాత్రి అంకెలు
మైనస్ పద్దెనిమిది, పదహైదు, పదకొండు.
ప్రతి అంకె పక్కనా ఇప్పుడు
చిన్నక్షరాల్లో ఒక మాట రాస్తా ఉండాను:
'తలుపు దగ్గర.'
ఇదేంది కొత్తగా అని ఆడిటరు అడిగినాడు.
థర్మామీటరు ఆడే ఉంది సార్, అన్నాను,
గది చానా లోపలికి ఉండాది.